రేపు ఎన్ని లోడ్లో తెలియనప్పుడు లారీలు ఎలా సర్దుకోవాలి: హైదరాబాద్ ట్రాన్స్‌పోర్టర్లకు సమగ్ర మార్గదర్శి

సాయంత్రం నాలుగున్నర. ఆటోనగర్‌లో మా ఆఫీసు ముందు మూడు బండ్లు ఖాళీగా నిలబడి ఉన్నాయి. పొద్దుటి నుంచి రెండే లోడ్లు వెళ్లాయి. డ్రైవర్లు టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. అప్పుడు మేడ్చల్ గోడౌన్ నుంచి ఫోన్. "అన్నా, రేపు పొద్దుగాల వరంగల్‌కు ఏడు బండ్లు కావాలె. నెలాఖరు కదా, ఎట్లన్న చెయ్యి." నిన్న ఇదే పార్టీ ఒక్క బండి అడిగింది. ఎల్లుండి ఎన్ని అడుగుతుందో వాళ్లకే తెలియదు.

బాబాయి ట్రాన్స్‌పోర్టులో బండ్ల ప్లానింగ్ చూడటం మొదలుపెట్టిన కొత్తలో, ఇలాంటి ఫోన్ వస్తే రాత్రి పది దాకా బ్రోకర్ల చుట్టూ తిరిగేవాణ్ణి. రేపటి అంకె కరెక్టుగా ఊహించగలిగితే ఈ టెన్షన్ ఉండదనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఊహ ఎలాగూ తప్పుతుంది. ఒక బండి తక్కువైతే ఎంత పోతుంది, ఒక బండి ఎక్కువై ఖాళీగా నిలబడితే ఎంత పోతుంది అనేది మాత్రం ముందే లెక్క కట్టుకోవచ్చు. సొంతంగా ఎన్ని బండ్లు పెట్టుకోవాలో, ఎన్ని బయట నుంచి తెచ్చుకోవాలో ఆ లెక్కే చెబుతుంది. ఐదు నుంచి ఇరవై బండ్ల దాకా నడిపేవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కంప్యూటర్ ఉంటే మంచిదే. లేకపోయినా ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక క్యాలిక్యులేటర్ చాలు.

1. "లేదు" అని చెప్పిన లోడ్లు కూడా రాయండి

దాదాపు అందరి దగ్గరా ఎల్ఆర్ (లారీ రసీదు) పుస్తకం ఉంటుంది. అందులో ఉండేది వెళ్లిన లోడ్లే. బండి లేక మీరు వద్దన్నవి, ఆలస్యమైందని పార్టీ వేరేవాళ్లకు ఇచ్చేసినవి ఎక్కడా ఉండవు. ఐదు బండ్లున్న ఆఫీసు ఎల్ఆర్‌లు లెక్కపెట్టుకుని "మాకు రోజుకు ఐదు లోడ్లే ఉంటాయి" అంటుంది. బండ్లు ఐదే ఉన్నాయి కాబట్టి పుస్తకంలో ఐదే కనిపిస్తాయి. అడిగినవాళ్లు ఎనిమిది మంది ఉండి ఉండవచ్చు.

అందుకే వేరే పుస్తకం పెట్టండి. మా దాంట్లో ఒక్కో ఫోన్‌కు ఒక్కో వరుస. ఫోన్ వచ్చిన టైము, పార్టీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని టన్నులు లేదా ఎన్ని అడుగుల బండి, ఎప్పటికి కావాలన్నారు, ఏ బండి పంపాం, సొంతమా, అటాచ్డా (ట్రిప్పులు గ్యారంటీ ఇచ్చి మన దగ్గర తిప్పే వేరే ఓనర్ బండి), మార్కెట్టా (అవసరమైన రోజు బ్రోకర్ ద్వారా తెచ్చే బండి), కిరాయి ఎంత. చివరి గడి "పంపకపోతే ఎందుకు". ఈ చివరి గడిని బద్ధకించకుండా నింపితే రెండు నెలల్లో మీ అసలు గిరాకీ కనిపిస్తుంది.

ఫోన్ టైము గడి కూడా చిన్న విషయం కాదు. మా పుస్తకంలో సగానికి పైగా మార్పులు మధ్యాహ్నం మూడు దాటాకే వచ్చాయని రాసి చూసుకున్నాకే తెలిసింది. బండ్లను మేం అప్పట్లో పదకొండింటికే ఎవరో ఒకరికి మాటిచ్చేసేవాళ్లం. మా ఇబ్బందిలో సగం అక్కడే పుట్టేది.

2. తెలిసినదాన్ని తెలియనిదాని నుంచి వేరు చేయండి

"గిరాకీ ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం" అనేది పూర్తిగా నిజం కాదు. ఒడిదుడుకుల్లో చాలా భాగానికి కారణం మనకు తెలిసిందే ఉంటుంది.

మొదటిది నెలాఖరు. సబ్బులు, నూనెలు, బిస్కెట్ల కంపెనీలకు నెలవారీ టార్గెట్లు ఉంటాయి. అందుకే 25 తర్వాత సరుకు ఒక్కసారిగా డిస్ట్రిబ్యూటర్ల మీదికి వస్తుంది. తర్వాతి నెల మొదటి వారం గోడౌన్లు నిద్రపోతాయి. మీ రెండు నెలల పుస్తకాన్ని మూడు ముక్కలు చేసి, 1 నుంచి 10, 11 నుంచి 20, 21 నుంచి చివరి దాకా, విడివిడిగా చూడండి.

రెండోది పంట. వానాకాలం వడ్లు అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా, యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో కొనుగోలు కేంద్రాలకు వస్తాయి. అప్పుడు జిల్లాల్లో లారీలన్నీ మిల్లుల వైపే తిరుగుతాయి. మీ పార్టీలకు వడ్లతో ఏ సంబంధమూ లేకపోయినా ఆ నెలల్లో మార్కెట్ బండి దొరకదు, దొరికినా కిరాయి ఎక్కువ. ఎండాకాలంలో మామిడి వస్తుంది. గడ్డిఅన్నారం నుంచి బాటసింగారానికి మారిన పండ్ల మార్కెట్ చుట్టుపక్కల ఆ రోజుల్లో ఖాళీ లారీ అడిగి చూడండి, తెలుస్తుంది. వానలు పట్టాక సిమెంటు, ఇసుక, కంకర లోడ్లు తగ్గుతాయి. ఆ బండ్లలో కొన్ని మామూలు సరుకు వైపు వస్తాయి, కిరాయి దిగుతుంది.

మూడోది పండుగ. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పోయిన ఏడాది అదే తేదీతో పోల్చడం. 2024లో దసరా అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. తేదీ చూసి పోల్చితే పండుగ ముందటి రద్దీ పది రోజులు పక్కకు జరిగిపోతుంది. పండుగకు ఎన్ని రోజుల ముందు అనే లెక్కతో పోల్చండి. అధిక మాసం వచ్చిన ఏడాది పెళ్లి ముహూర్తాలు, వాటి వెంట బట్టలు, ఫర్నిచర్, స్టీలు సామాన్ల లోడ్లు కూడా జరుగుతాయి. 2023లో అధిక శ్రావణం వచ్చి వరలక్ష్మీ వ్రతం ఆగస్టు చివరికి పోయింది. గోడమీద పంచాంగం క్యాలెండర్ మన వ్యాపారానికి నిజంగా పనికొచ్చే పరికరం.

ఇవన్నీ తీసేశాక మిగిలేదే అసలు తెలియనిది. దానికి నేను వాడే పద్ధతి ఒకటే. ప్రతి గురువారం పెద్ద పార్టీలకు ఫోన్ చేసి రెండు అంకెలు అడుగుతాను. "వచ్చే వారం తక్కువలో తక్కువ ఎన్ని? ఎక్కువలో ఎక్కువ ఎన్ని?" ఒక్క అంకె అడిగితే డిస్పాచ్ అబ్బాయి భయపడి పెద్దదే చెబుతాడు. రెండడిగితే నిజం ఆ మధ్యలో దొరుకుతుంది. రెండింటి మధ్య తేడా పెద్దగా ఉన్న వారం మార్కెట్ బండ్ల వాళ్లను ముందే పలకరించి ఉంచుతాను.

3. బండి ఎన్ని రోజులకు తిరిగొస్తుందో కొలవండి

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు.

రోజుకు నాలుగు లోడ్లు విజయవాడకు వెళ్తాయనుకుందాం. ఇక్కడ సాయంత్రం లోడింగ్, రాత్రి ప్రయాణం, మర్నాడు పొద్దున అన్‌లోడింగ్, సాయంత్రం రిటర్న్ లోడు, మూడో రోజు పొద్దున ఇక్కడ ఖాళీ చేసి మళ్లీ సాయంత్రానికి సిద్ధం. అంటే ఒక బండికి ఒక చుట్టు రెండు రోజులు. నాలుగు లోడ్లను రెండు రోజులతో గుణిస్తే 8 బండ్లు. ఇప్పుడు అన్‌లోడింగ్ ఒక రోజు ఆలస్యమైంది. చుట్టు మూడు రోజులు, అంటే 12 బండ్లు. లోడ్లు ఒక్కటి కూడా పెరగలేదు, నాలుగు లారీలు ఎక్కువ కావాల్సి వచ్చింది. బయటికి మాత్రం అది "గిరాకీ పెరిగింది, బండ్లు చాలడం లేదు" అన్నట్టే కనిపిస్తుంది.

ఒకసారి మా బండి ఒక గోడౌన్ గేటు బయట రెండున్నర రోజులు నిలబడిపోయింది. డ్రైవర్ పూటకోసారి ఫోన్ చేసేవాడు. "అన్నా, ఇంకా నంబర్ రాలే. హమాలీలు లేరంటున్నరు. లోపల జాగ లేదంటున్నరు." మూడో ఫోన్‌కు అతని గొంతులో విసుగు కూడా పోయింది, ఉత్త అలసటే మిగిలింది. అంత ఎండలో క్యాబిన్‌లో ఉండి, గేటు దగ్గర స్నానానికి నీళ్లు కూడా లేవు. ఆ వారం మేం రెండు లోడ్లు వదులుకున్నాం. రాసుకుని ఉండకపోతే వాటిని బండ్లు తక్కువై పోయిన లోడ్లుగానే లెక్కపెట్టేవాళ్లం.

ఆ తర్వాత ప్రతి ట్రిప్పుకు నాలుగు టైములు రాయడం మొదలుపెట్టాం. లోడింగ్ గేటులోకి వెళ్లింది, బయటికి వచ్చింది, అన్‌లోడింగ్ గేటు దగ్గరికి చేరింది, ఖాళీ అయింది. డ్రైవర్ వాట్సాప్‌లో గేటు ఫొటో పెడితే చాలు, టైము అందులోనే ఉంటుంది. నెల తిరిగేసరికి ఏ గోడౌన్ సగటున ఎన్ని గంటలు ఆపుతోందో, ఏ రోజు ఎక్కువ ఆపుతోందో తేలిపోయింది. సోమవారం పొద్దున చేరిన బండి కంటే శనివారం మధ్యాహ్నం చేరింది బాగా ఆలస్యమవుతోంది, ఎందుకంటే ఆదివారం మొత్తం మధ్యలో వచ్చి పడుతోంది. ఆ గోడౌన్‌కు శుక్రవారం రాత్రి లోడు పంపడం మానేశాం. కొత్త బండి కొనకుండానే ఒక బండి మిగిలింది.

4. సొంత బండ్లు ఎన్ని ఉండాలి: ఒక్క భాగహారం

ఇక్కడ కొన్ని అంకెలు వేసి చూపిస్తాను. ఇవి లెక్క అర్థం కావడానికే. మీ అంకెలు మీరు వేసుకోండి.

మేడ్చల్ నుంచి వరంగల్‌కు 19 అడుగుల బండి, అదే రోజు తిరిగి రావడం. రానూ పోనూ సుమారు 300 కిలోమీటర్లు. బండి నడిచినా నడవకపోయినా నెలకు అయ్యే ఖర్చు: కిస్తీ 35,000, డ్రైవర్ జీతం 20,000, ఇన్సూరెన్స్, ట్యాక్స్, ఫిట్‌నెస్, పర్మిట్ కలిపి నెలకు 13,000, పార్కింగ్, రిపేర్లకు 10,000. మొత్తం 78,000. పనిచేసే రోజులు 26 అనుకుంటే రోజుకు 3,000.

నడిస్తే అయ్యే ఖర్చు: 50 లీటర్ల డీజిల్, లీటరు 96 చొప్పున 4,800. టోలు, బత్తా, టైరు అరుగుదల కలిపి 2,200. మొత్తం 7,000. అదే లోడుకు మార్కెట్ బండి తెస్తే 11,000. అంటే సొంత బండి తిరిగిన రోజు 4,000 మిగులు, తిరగని రోజు 3,000 వృథా.

ఇప్పుడు భాగహారం: 3,000ను 4,000తో భాగిస్తే 0.75. అంటే నూటికి 75 రోజులకు తగ్గకుండా పని ఉండే బండే సొంతంగా పెట్టుకోదగ్గది.

పుస్తకం తీసి 60 పని రోజుల లోడ్లు చూడండి. మూడు లోడ్లు వచ్చిన రోజులు 6, నాలుగు వచ్చినవి 12, ఐదు వచ్చినవి 15, ఆరు వచ్చినవి 12, ఏడు వచ్చినవి 8, ఎనిమిది వచ్చినవి 5, తొమ్మిది వచ్చినవి 2 అనుకుందాం. సగటు సుమారు ఐదున్నర. సగటు చూసి చాలామంది ఆరు బండ్లు కొంటారు. కానీ నాలుగో బండికి 60లో 54 రోజులు పని ఉంది, 90 శాతం, కాబట్టి ఉంచాలి. ఐదో బండికి 42 రోజులు, 70 శాతం. 75 దాటలేదు. ఆరోదానికి 27 రోజులే, 45 శాతం. ఈ లెక్కన సొంతం నాలుగే.

దీన్ని ఇక్కడితో ఆపకూడదు. రెండు విషయాలు ఐదో బండి వైపు మొగ్గు చూపిస్తాయి. ఖాళీ రోజున బ్రోకర్ దగ్గర చిన్న లోడు దొరికి ఖర్చులు పోను 1,000 మిగులుతుందనుకోండి. అప్పుడు వృథా 2,000కు తగ్గుతుంది, మిగులులో తేడా (4,000లో ఆ 1,000 పోను) 3,000 అవుతుంది. 2,000ను 3,000తో భాగిస్తే 0.67. ఐదో బండి 70 శాతంతో దాటింది. ఇంకొకటి, మనకు బండి తక్కువైన రోజే ఊళ్లో అందరికీ తక్కువవుతుంది. ఆ రోజు మార్కెట్ కిరాయి 11,000 ఉండదు, 12,000 చెబుతారు. అలాంటి రోజుల కిరాయినే లెక్కలో వేస్తే 3,000ను 5,000తో భాగించాలి, 0.6. మళ్లీ ఐదో బండి నిలబడింది, ఆరోది నిలబడలేదు. మామూలు రోజు కిరాయితో ఈ లెక్క వేస్తే సొంత బండి విలువ తక్కువగా కనిపిస్తుందని ఎప్పుడూ గుర్తుంచుకోండి.

5. మూడు అంచెలు

సొంత బండ్లు అడుగు భాగం. వాటి పైన అటాచ్డ్ బండ్లు, ఆ పైన మార్కెట్. అటాచ్డ్ ఓనర్‌కు "నెలకు ఇన్ని ట్రిప్పులు గ్యారంటీ" అని మాట ఇవ్వాలి, ఇచ్చిన మాట డల్ సీజన్‌లో కూడా నిలబెట్టుకోవాలి. లోడు లేని వారం ఎవరి బండికి ముందు పని ఇచ్చామో ఆ ఓనర్లు మర్చిపోరు. నెలాఖరు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ఎత్తేది వాళ్లే.

మార్కెట్‌లో ఒకే బ్రోకర్ మీద ఆధారపడకండి. కనీసం ముగ్గురితో, రద్దీ లేని రోజుల్లో కూడా అప్పుడప్పుడు పని చేయించండి. కొత్త బండి ఎక్కించేటప్పుడు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, డ్రైవర్ లైసెన్స్ చూడకుండా సరుకు ఎక్కించవద్దు. ఎంత తొందరైనా సరే.

బండ్లు చాలలేదని ఉన్న బండిలోనే అదనంగా ఎక్కించే ఆలోచన మాత్రం వద్దు. 2019 సవరణ తర్వాత మోటారు వాహన చట్టంలో ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, దానిపై అదనపు టన్నుకు 2,000 ఉంది. జరిమానా సంగతి అటుంచితే, బ్రేకు పడనప్పుడు పోయేది మన డ్రైవర్ ప్రాణం. డ్రైవర్‌ను రెండు రాత్రులు వరసగా నడిపించడం కూడా ఇలాంటిదే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటలని పెట్టింది. ప్లాన్‌లో రెండో డ్రైవర్ ఖర్చు వేసుకోకుండా చుట్టు తగ్గించామని చెప్పుకోకూడదు.

సంక్రాంతి, దసరాలకు ఇంకో చిక్కు. సరుకు పెరిగేది, డ్రైవర్లు ఊరెళ్లేది ఒకేసారి. ఎవరు ఏ పండుగకు వెళ్తారో నెల ముందే అడిగి పంచుకోవాలి. సంక్రాంతికి వెళ్లినవాళ్లు దసరాకు ఉండేలా, ఉన్నవాళ్లకు ఆ వారం బత్తా ఎక్కువ ఇచ్చేలా.

6. రిటర్న్ లోడు కోసం ఎంతసేపు ఆగాలి

ఖాళీగా రావడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ గుంటూరులో మంచి కిరాయి కోసం ఒక రోజు ఆగితే, ఇక్కడ ఆ బండి కోసం చూస్తున్న లోడు పోతుంది. నేను పెట్టుకున్న నియమం ఇది. హైదరాబాద్‌లో మర్నాటికి లోడ్లు ఎక్కువ, బండ్లు తక్కువ ఉంటే సాయంత్రం ఆరు లోపు దొరికిన ఏ లోడైనా తీసుకోవాలి, దొరక్కపోతే ఖాళీగా బయలుదేరాలి. ఇక్కడ బండ్లే ఎక్కువ ఉంటే మర్నాడు పదకొండు దాకా ఆగవచ్చు. కిరాయి తక్కువైనా ఎలాగూ వచ్చే దారే, డీజిల్, టోలు ఎలాగూ పడతాయి. లోడింగ్, హమాలీ, బరువుకు పెరిగే డీజిల్ పోను ఏ కొంచెం మిగిలినా లాభమే. ఈ నిర్ణయం డ్రైవర్ మీద వదలవద్దు. ఇక్కడ పరిస్థితి అతనికి కనిపించదు.

7. రోజు గడియారం

మా రోజులో గంట కొట్టినట్టు పాటించే టైములు మూడున్నాయి. పదకొండింటికి ఖాయమైన లోడ్లకు మాత్రమే బండి నంబర్ ఇస్తాం, కనీసం ఒక బండి ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతాం. నాలుగింటికి పార్టీలన్నిటికీ ఫోన్ చేసి రేపటి అంకె తీసుకుంటాం. ఏడింటికి చాలని బండ్లకు మార్కెట్‌లో మాట్లాడేస్తాం. ఏడు తర్వాత మార్కెట్ కిరాయి మన అవసరాన్ని చూసి పెరుగుతుంది.

పగలు పెద్ద లారీలకు నగరంలోకి ప్రవేశం ఉండదు. కాబట్టి మేడ్చల్‌లో లోడైన బండి ఊరు మధ్యలోంచి కాకుండా ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఘట్‌కేసర్ దగ్గర దిగి వరంగల్ రోడ్డు పట్టుకుంటుంది. ఔటర్ మొత్తం చుట్టు 158 కిలోమీటర్లు. టోలు పడినా, గంటలు మిగులుతాయి. ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం) గడువు 2021 జనవరి నుంచి మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు. దూరపు లోడు నెలాఖరు హడావిడిలో గోడౌన్‌లోనే ఆగిపోతే గడువు అక్కడే కరిగిపోతుంది. దారిలో బండి చెడి వేరే బండిలోకి మార్చితే ఆ బిల్లులో బండి నంబర్ ఉండే పార్ట్-బిలో కొత్త నంబర్ ఎక్కించాకే కదలాలి. గడువు పెంచుకోవాలంటే ముగియడానికి ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలు మాత్రమే వీలుంటుంది.

మొదట చెప్పిన ఏడు బండ్ల ఫోన్‌కు ఇప్పుడైతే ఇలా జవాబు చెబుతాను. "అన్నా, ఏడింట్లో పొద్దున తొమ్మిదికల్లా తప్పకుండా చేరాల్సినవి ఎన్ని?" చాలాసార్లు జవాబు మూడో నాలుగో ఉంటుంది. రెండు బండ్లు ఇవాళ రాత్రికే లోడింగ్ పెట్టమంటాను, మూడు పొద్దున ఇస్తాను, మిగతా రెండు మధ్యాహ్నానికి తిరిగొచ్చే బండ్లతో సర్దుతాను. గిరాకీ ఏడే, కానీ ఒక్క గంటలో ఏడు కాదు.

8. కిరాయి మాట్లాడేటప్పుడే అనిశ్చితికి ధర కట్టండి

ముందు రోజు మధ్యాహ్నం లోపు చెప్పిన లోడుకు ఒక రేటు, అదే రోజు చెప్పినదానికి కొంచెం ఎక్కువ రేటు. ఇది ఒప్పంద కాగితంలో ఉండాలి, నోటి మాటగా ఉంటే నెలాఖరున వాదన మిగులుతుంది. గేటు దగ్గర ఎన్ని గంటల తర్వాత హాల్టింగ్ (బండి ఆపినందుకు ఇచ్చే డబ్బు) పడుతుందో, రోజుకు ఎంతో రాయించుకోండి. హాల్టింగ్ డబ్బు సంపాదించుకోవడానికి కాదు ఇది. బండి త్వరగా వదలాలన్న పట్టుదల గోడౌన్ వాళ్లకు కలగడానికి. డీజిల్ ధర ఇంత మారితే కిరాయి ఇంత మారుతుందనే వాక్యం కూడా అందులోనే రాయించుకోవాలి.

9. చేతిలో డబ్బు, నెలాఖరు లెక్క

రోజుకు 5 లోడ్లు, లోడుకు 11,000, పార్టీ 45 రోజులకు ఇస్తుందనుకోండి. 45 రోజుల్లో 39 పని రోజులు. 55,000ను 39తో గుణిస్తే 21,45,000 రూపాయలు ఎప్పుడూ బయటే తిరుగుతుంటాయి. డీజిల్, టోలు, మార్కెట్ బండి అడ్వాన్సు మాత్రం ఇవాళే నగదు. రద్దీ నెలలో లోడ్లు దొరికినా డబ్బు లేక వదులుకున్నవాళ్లను చూశాను. సంతకం పెట్టిన ఎల్ఆర్ కాపీ డ్రైవర్ దగ్గర వారం ఉంటే మన బిల్లు వారం వెనక్కి పోతుంది. అందుకే అన్‌లోడ్ అయిన వెంటనే ఫొటో, బండి ఆఫీసుకు రాగానే కాగితం.

నెల చివరి రోజు గంటన్నర కూర్చోండి. గురువారం పార్టీలు చెప్పిన రెండు అంకెలు, నిజంగా వచ్చిన లోడ్లు పక్కపక్కన రాయండి. ఏ పార్టీ ఎప్పుడూ ఎక్కువ చెబుతుందో, ఏది తక్కువ చెబుతుందో మూడు నెలల్లో తెలిసిపోతుంది. తర్వాతి నెల ఆ మేరకు సరిచేసుకోండి. ఎన్ని లోడ్లు వదిలామో, ఎన్ని బండి రోజులు ఖాళీగా పోయాయో కూడా లెక్కపెట్టి, నాలుగో భాగంలోని భాగహారం కొత్త అంకెలతో మళ్లీ వేయండి.

పోయిన ఏడాది బాబాయి ఆరో బండికి అడ్వాన్స్ ఇద్దామన్నారు. పుస్తకం ముందు పెట్టి ఇద్దరం లెక్కేశాం. ఆరో బండికి పని ఉన్న రోజులు సగం కూడా లేవు. "మరి నెలాఖరుకు ఏం చేస్తావురా?" అన్నారు. అటాచ్డ్‌లో ఇద్దరు ఓనర్లకు నెలకు చెరో పన్నెండు ట్రిప్పులు గ్యారంటీ ఇద్దామన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, వాళ్లను ఆ సాయంత్రమే టీకి పిలిపించారు.